కొబ్బరినీళ్లలో తడిసిన గొంతు

ఇది ల్యాప్‌టాప్‌లో చదువుతున్నవాళ్లు, అది పరుపు మీదో దిండు మీదో ఉంటే ముందు తీసి బల్ల మీద పెట్టండి. నేను ఆగుతాను. బల్ల లేకపోతే పీట మీద పెట్టినా చాలు. కింద ఉన్న సన్నటి సందుల్లోంచి అది గాలి పీల్చుకుంటుంది. పరుపు ఆ సందులను మూసేస్తుంది. ముక్కు మూసి పరుగెత్తమంటే మీకెలా ఉంటుందో దానికీ అలాగే ఉంటుంది.

పెట్టారా? సరే, ఇక చెప్తాను.

హన్మకొండ చౌరస్తా దగ్గర, మెట్లెక్కి పైకి పోవలసిన ఒక ల్యాప్‌టాప్ రిపేరు దుకాణంలో నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. అంతకుముందు టైపు నేర్పాను, డీటీపీ చేశాను, ఊరందరి పెళ్లి పత్రికలు కొట్టాను. ల్యాప్‌టాప్‌ల కాలం వచ్చాక ఇక్కడ చేరాను. దుకాణంలో మేం ముగ్గురం. యజమానిని సార్ అనేవాళ్లం. లోపల బెంచీ దగ్గర రిపేర్లు చేసే ఆయన్ని వచ్చినవాళ్లంతా భాయ్ అనేవారు, నేనూ అదే అన్నాను. నేను కౌంటర్. వచ్చిన యంత్రాన్ని తీసుకోవడం, జబ్బేమిటో అడిగి చీటీ అంటించడం, బాగయ్యాక తిరిగి అప్పజెప్పడం నా పని. అప్పజెప్పేటప్పుడు పాఠం చెప్పడం మాత్రం ఎవరూ నాకు పెట్టిన పని కాదు. అది నా నోటి దురద.

ఆ దురద తీరేదాకా ఎవరినీ మెట్లు దిగనిచ్చేదాన్ని కాదు. మూతను ఒక మూల పట్టుకుని లాగకు నాయనా, మధ్యలో పట్టుకుని ఎత్తు. కీబోర్డు మీద పెన్ను మరిచిపోయి మూత వేశావంటే అద్దం పోయినట్టే. కెమెరాకు అడ్డంగా మందపాటి బిళ్ల అతికించినా అంతే. తెర మీద సెంటు కొట్టి తుడవకు, పొడి గుడ్డ చాలు. మన ఎండల్లో బండి డిక్కీలో పెట్టి మరిచిపోయావంటే బ్యాటరీ పూరీలాగా ఉబ్బుతుంది. బట్టల షాపు సంచిలో వేసి తిప్పకు, దీనికని మెత్తటి సంచి దొరుకుతుంది, అది కొనుక్కో. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రోజూ రైల్లో వచ్చే ఒక లెక్చరర్ గారైతే ల్యాప్‌టాప్‌నూ టిఫిన్ డబ్బానూ ఒకే అరలో పెట్టుకునేవారు. పప్పుచారు కీబోర్డులోకి దిగి, భాయ్ మూత విప్పితే కరివేపాకు బయటికొచ్చింది. ఆయనకు చెప్పినంత పాఠం నేను మరెవరికీ చెప్పలేదు. మళ్లీ ఏడాది తిరక్కుండా ఆయన సాంబారుతో వచ్చారు.

నేను తల పట్టుకుంటే భాయ్ లోపలినుంచి నవ్వేవాడు.

"అక్కా, నువ్వు చెప్పుడు, వాళ్లు తలకాయ ఊపుడు, మల్ల పోయి పాడుచేసుడు, నేను బాగుచేసుడు. అందరికి పని దొరుకుతాంది గదా. నీకెందుకు ఫికర్?"

ఆ నవ్వు కోసమే నేను కొన్నిసార్లు గొంతు పెంచి పాఠం చెప్పేదాన్నని ఇప్పుడు అనిపిస్తుంది. భాయ్‌ది నిదానమైన పని, నిదానమైన మాట. స్క్రూలన్నీ విప్పిన వరుసలోనే ఒక అయస్కాంతం ముక్క మీద పేర్చుకునేవాడు. ఎంత మంది వచ్చి తొందరపెట్టినా తల ఎత్తేవాడు కాదు. సాయంత్రం చాయ్ వచ్చినప్పుడు మాత్రం లేచి కౌంటర్ దాకా వచ్చి, నాకూ సార్‌కూ గ్లాసులు ఇచ్చి, మూడోది తాను తీసుకుని కిటికీ దగ్గర నిలబడేవాడు. కింద చౌరస్తాలో ఆటోల మోత, పైన మేం ముగ్గురం మాట్లాడకుండా చాయ్ తాగడం. జీవితంలో నేను పోగొట్టుకున్నవాటిలో ఆ కాసేపు నాకు అన్నిటికంటే ఎక్కువ గుర్తొస్తుంది.

మా దుకాణానికి కూడా పంటల్లాగే కాలాలుండేవి. ఎండాకాలం ఉబ్బిన బ్యాటరీలు, వానాకాలం తడిసిన సంచులు, ఉరుములు ఉరిమిన మర్నాడు కాలిపోయిన చార్జర్లు. దసరా వెళ్లాక మాత్రం మాకొక ప్రత్యేకమైన పంట చేతికొచ్చేది. మన దగ్గర దసరాకు పనిముట్లన్నిటికీ పూజ చేస్తారు కదా. బండికి, కుట్టుమిషన్‌కు, నాగలికి చేసేవాళ్లు ల్యాప్‌టాప్ వచ్చాక దాన్ని వదులుతారా? పండుగ మర్నాటి నుంచి కీబోర్డుల్లో కుంకుమ, చార్జర్ పెట్టే సందుల్లో అక్షింతలు, కెమెరా కన్ను మీద గంధం బొట్టు. కెమెరా పనిచేయడం లేదని వచ్చినవాళ్లకు నేను వేలితో బొట్టు తుడిచి తిరిగిచ్చిన సందర్భాలున్నాయి. భాయ్ సన్నటి బ్రష్షుతో కుంకుమను ఒక కాగితంలోకి దులిపి, కాగితం మడిచి నాకిచ్చేవాడు.

"పారెయ్యకు అక్కా, పూజలది. చెట్టు మొదట్ల పోయ్."

అట్లాంటి ఒక దసరా వెళ్లిన వారంలో ఆమె వచ్చింది.

నాకంటే పెద్దావిడ. కాజీపేట నుంచి వచ్చింది. కొత్త రవికె గుడ్డలో చుట్టిన ల్యాప్‌టాప్‌ను రెండు చేతులతో పట్టుకుని మెట్లెక్కి, కౌంటర్ మీద పెట్టి, కాసేపు ఊపిరి తీసుకుంది. గుడ్డ విప్పితే మూత మీద పసుపు, మూడు వేళ్ల కుంకుమ గీతలు, అతుక్కుపోయిన బంతిపూరేకులు.

"చెల్లె, జర చూడు. ఇది పలుకుతలేదు."

"ఏమైందక్కా? నీళ్లు పడ్డయా?"

"నీళ్లు గాదు. కొబ్బరినీళ్లు."

"కొబ్బరినీళ్లెట్ల పడ్డయి?"

"పడలె. నేనే పోసిన."

ఆమే చెప్పుకుపోయింది.

"పండుగనాడు అన్నిటికి పూజ జేస్తిమి. గిది ఆయనకు పొద్దంత పనికొచ్చేదాయె. దీన్నెట్ల ఇడిసిపెడుదు? బొట్టు పెట్టిన, పువ్వు పెట్టిన, కొబ్బరికాయ కొట్టి జరన్ని నీళ్లు దీని మీద సల్లిన."

"జరన్నేనా?"

"కాయ పెద్దగుండె."

ఆ యంత్రాన్ని నేను గుర్తుపట్టాను. ఏడాది కింద మేనల్లుడు కాబోలు, ఒక పిల్లగాడు తెచ్చి సర్వీసు చేయించాడు. అప్పుడు కీబోర్డు మీద పరిచే మెత్తటి రబ్బరు కవరు నేనే అంటగట్టాను. ఆ కవరు ఉండి ఉంటే పోసిన నీళ్లలో చాలావరకు పైనే ఆగిపోయేవి.

"అక్కా, దీని మీద కవర్ ఉండాలె గదా. ఏమాయె?"

"ఉండె. అందరి చేతులు తగిలి మైలగుండె. దేవుని దగ్గర అదేందని తీసి, సబ్బు పెట్టి కడిగి, దండెం మీద ఆరేసిన."

నాకు ఒళ్లు మండింది. నిజం చెప్పాలంటే నవ్వు కూడా వచ్చింది. కాపాడే కవరును శుభ్రంగా కడిగి ఆరేసి, కవరు కాపాడవలసిన దాని మీద కాయ నీళ్లు పోశారు. ఇంకా ఉంది. పూజలో పెట్టిన పనిముట్టును ఆ రోజు ముట్టుకోకూడదు కదా, తెల్లారేదాకా అట్లాగే పువ్వుల కింద ఉంచారు. మర్నాడు ఆయన బటన్ నొక్కితే కాసేపు వెలిగి ఆరిపోయింది. చార్జర్ పెట్టి మళ్లీ నొక్కారు. కాలిన వాసన వచ్చింది. బియ్యం డబ్బాలో పెట్టారు, తీసి ఎండలో పెట్టారు. చెయ్యకూడనివన్నీ ఒక్కటి కూడా వదలకుండా చేశారు.

మీరు రాసిపెట్టుకోనక్కర్లేదు, గుర్తుంచుకుంటే చాలు. ఏది ఒలికినా మొదట చార్జర్ పీకండి. బటన్ నొక్కి పట్టుకుని ఆర్పేయండి. మూత తెరిచి, గుడారంలా బోర్లించండి. బ్యాటరీ ఊడేదైతే ఊడదీయండి. అంతే, ఇక చెయ్యి కట్టుకుని మెకానిక్ దగ్గరికి రండి. బియ్యం అన్నానికి, దీనికి కాదు. జుట్టు ఆరబెట్టే మిషన్ అస్సలు వద్దు. పనిచేస్తోందో లేదో చూద్దామని ఒక్కసారి నొక్కాలనిపిస్తుంది చూడండి, చాలా యంత్రాలను చంపేది ఆ ఒక్క నొక్కే.

ఇదంతా ఆమెకు చెప్పబోయి, ముందు అడగవలసినది అడిగాను.

"ఇండ్ల ఏమున్నయక్కా? ఫోటోలా, ఆఫీసు పనా?"

"ఆయన గొంతుంది," అన్నది ఆమె.

పాటలు పాడతారు కాబోలు అనుకున్నాను. కాదు. ఆయన రైల్వేలో పనిచేశారు. యార్డులో బోగీలు కలిపే, విడదీసే పని. ఈ చివర నిలబడి కేకేస్తే ఆ చివర ఇంజిన్ దగ్గరికి వినపడే గొంతు. రిటైరయ్యాక ఆ గొంతులోనే పుండు లేచింది. ఆపరేషన్ చేస్తే మనిషి దక్కుతాడు, మాట దక్కదు అన్నారు. ఆపరేషన్‌కు ముందు, కంప్యూటర్ చదువు చదివే మేనల్లుడు ఆయన్ని కూర్చోబెట్టి, ఇంట్లో రోజూ అనే మాటలన్నీ ఒక్కొక్కటిగా ఆయన చేతే అనిపించి ల్యాప్‌టాప్‌లో ఎక్కించాడు. ఒక్కో మాటకు తెర మీద ఒక బటన్. ఆకలైతే ఒక బటన్, చాయ్ కావాలంటే ఒకటి, టీవీ గొంతు తగ్గించమనడానికి ఒకటి. పిల్లలు కాళ్లకు మొక్కితే సల్లంగుండు బిడ్డా అనడానికి ఒకటి. ఆ దసరానాడు ల్యాప్‌టాప్ పూజలో ఉంది కాబట్టి, జమ్మి ఆకు తెచ్చి చేతిలో పెట్టి మొక్కిన పిల్లలను ఆయన వట్టి చేత్తోనే దీవించారట.

ఫోన్లో టైపు చేస్తే ఫోనే చదివి వినిపిస్తుంది కదా అని నేనన్నాను.

"పెట్టిచ్చిండు మా ఆడబిడ్డ కొడుకు. అండ్ల ఎవరో ఆడామె మాట్లాడుతాంది. మా ఆయనకు ఆకలైతాందని ఆమెవరు నాకు చెప్పెతందుకు?"

"మరి ఈ మాటలు ఇంకెక్కడన్న ఎక్కించుకోలేదా? ఫోన్ల గిట్ల?"

"ఎక్కిస్త అత్తా అన్నడు పిల్లగాడు. తర్వాత చూద్దాం తియ్ అన్న." కొంగుతో మూత మీద పసుపు తుడుస్తూ అన్నది. "గింత జేసినంక తిట్టనన్న తిట్టలె చెల్లె ఆయన. తిట్లు గూడ అండ్లనే ఉండె."

నేను పాఠం మానేసి చీటీ రాసి అంటించాను. వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. చాయ్ వేళ కాని వేళ భాయ్ బెంచీ మీంచి లేచి కౌంటర్ దగ్గరికి రావడం నేను అంతకుముందు చూడలేదు. ఆయన రవికె గుడ్డతో సహా ల్యాప్‌టాప్‌ను ఎత్తుకుని లోపలికి తీసుకుపోయాడు.

విప్పితే లోపల తీపి వాసన. బోర్డంతా జిగురు, జిగురు కింద పచ్చటి చిలుము. అది ఇక లేవదు. అది పోతే పోయింది, గొంతు ఉన్నది హార్డ్ డిస్కులో. భాయ్ డిస్కు తీసి మరో యంత్రానికి తగిలించి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అది తిరగలేదు. డిస్కు పొట్టకు ఒక చిన్న పచ్చ బోర్డుంటుంది. చార్జర్ పెట్టి నొక్కినప్పుడు కాలింది అదే.

సార్ మంచివాడే కానీ జాగ్రత్త మనిషి. "మనం ముట్టుకోవద్దు భాయ్. హైదరాబాద్‌ల డేటా తీసేటోళ్లకు పంపిద్దాం. వారాలు పట్టనీ. రేపు ఏమన్నా అయితే మన మీదికొస్తది," అన్నాడు.

ఆ మాట చెప్పడానికి నేను కౌంటర్ బయట కూర్చున్న ఆమె దగ్గరికి వెళ్లాను. మర్నాడది. ఈసారి ఆమెతో భర్త కూడా వచ్చాడు. పొడుగాటి మనిషి, మెడకు తెల్లటి గుడ్డ కట్టుకుని ఉన్నాడు. హైదరాబాద్ అనగానే ఆమె అడ్డంగా తలూపింది. పోస్టులో పోతుందో, ఎక్కడ పడుతుందో అని ఆమె భయం. ఆయన మాత్రం లేచి, లోపలికి నడిచి, భాయ్ బెంచీ ముందు నిలబడ్డాడు. ఒక చేత్తో డిస్కును చూపించాడు. ఇంకో చెయ్యి భాయ్ భుజం మీద వేశాడు. అంతే, వచ్చి కూర్చున్నాడు.

"నేనే చేస్త సార్," అన్నాడు భాయ్. "వాళ్ల ఎదురుంగనే చేస్త."

సార్ సరేనని తలూపాడు.

భాయ్ నాకు చెప్పింది ఇదీ. అచ్చంగా అదే రకం డిస్కు ఇంకొకటి కావాలి. దాని పొట్టకున్న బోర్డు విప్పి దీనికి బిగించాలి. కానీ ఒక డిస్కు తన సొంత గుర్తులన్నీ ఆ బోర్డు మీద ఒక చిన్న చిప్పులో దాచుకుంటుంది. కాలిన బోర్డు మీంచి ఆ చిప్పును వేడిగాలితో ఊడదీసి, కొత్త బోర్డు మీద అతికించాలి. బియ్యపుగింజ కంటే కాస్త పెద్దది. వేడి తక్కువైతే ఊడదు. ఎక్కువైతే చస్తుంది. అది చస్తే ఆ గొంతు ఎవరూ తీయలేరు.

అదే రకం డిస్కు వెతకడం నా వంతు. చౌరస్తాలో ఉన్న దుకాణాలన్నీ అడిగాను. లేదు. అప్పుడు మరిపెడలో ఎరువుల దుకాణం నడిపే ఒకాయన గుర్తొచ్చాడు. పిల్లలు తొక్కి విరగ్గొట్టిన ల్యాప్‌టాప్‌ను మా దగ్గర పడేసి, ఎన్నిసార్లు ఫోన్ చేసినా తీసుకుపోని మనిషి. అటక మీంచి దాన్ని దింపి చూస్తే డిస్కు మీద చీటీ అచ్చంగా అదే. ఆయనకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను.

"అమ్మా, నువ్వు ఫోన్ జేస్తె మల్ల తీస్కపొమ్మని అంటవనుకున్న," అన్నాడాయన. "నాకొద్దు. ఉంచుకోండ్రి. పాపం, ఆ పెద్దమనిషికి మాటొస్తే నాక్కూడ ఓసారి ఇనిపియ్యుండ్రి."

శుక్రవారం. భాయ్ మధ్యాహ్నం నమాజుకు పోయి వచ్చి, చేతులు కడుక్కుని, కిటికీ వెలుగు పడేచోట బెంచీ జరుపుకున్నాడు. సార్ తనంతట తాను లేచి ఫ్యాన్ ఆపాడు, దుమ్ము లేవకుండా. భార్యాభర్తలిద్దరూ గోడ వారగా కూర్చున్నారు. ఎవరో మౌస్ కోసం మెట్లెక్కి వస్తే నేను చెయ్యి అడ్డం పెట్టి రేపు రమ్మన్నాను. భాయ్ నన్ను పిలిచి దీపం పట్టుకోమన్నాడు.

ఆ మధ్య భాయ్ కుడి చెయ్యి కొద్దికొద్దిగా వణుకుతుండేది. చాయ్ ఎక్కువైందని అనేవాడు. నేను ఎక్కువ అడగలేదు, ఆయన చెప్పలేదు. దీపం పట్టుకుని నిలబడితే, వెలుగు అటూ ఇటూ ఊగింది.

"అక్కా, వణుకుతాంది నీ చెయ్యా, నా చెయ్యా?"

"నాదే భాయ్."

"మంచిగైంది. జర బల్లకు ఆనించు."

వేడిగాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మైనం కరిగినట్టు వాసన. చిన్న పట్టకారుతో ఆయన ఆ చిప్పును తాకి చూస్తున్నాడు, కదలడం లేదు. ఇంకా కదలడం లేదు. ఆయన నుదుటి మీద చెమట బొట్టు పట్టింది. అది జారి పడుతుందేమోనని నేను నా కొంగుతో తుడిచాను. అన్నేళ్లు పక్కపక్కన పనిచేశాం, ఆయన్ని తాకింది అదొక్కసారే. అప్పుడు చిప్పు కదిలింది. పట్టకారు చివర అది గాల్లోకి లేవడం చూశాను. కొత్త బోర్డు మీద కూర్చోబెట్టడం, స్క్రూలు బిగించడం, తీగ తగిలించడం అన్నీ ఆయన ఎప్పటి నిదానంతోనే చేశాడు.

డిస్కు చెవి దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. తరవాత దాన్ని నా చెవి దగ్గర పెట్టాడు. లోపల సన్నగా తిరుగుతున్న చప్పుడు.

తెర మీద ఫైళ్లు వరుసగా వచ్చాయి. అన్నీ ఉన్నాయి. ఆమె లేచి నిలబడింది. నా చెయ్యి మౌస్ మీదికి పోయింది, ఒక్కటి నొక్కి వినాలని. భాయ్ మాటతోనే ఆపాడు.

"వద్దక్కా. అది వాళ్లింటి మాట. వాళ్లింట్లనే పలకనియ్."

వినకుండానే అన్నిటినీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి, ఇంకో డిస్కులోకి, ఆయన ఫోన్లోకి ఎక్కించాం. ఒకే చోట ఉన్నది లేనట్టే లెక్క అని నేను ఎంతమందికి చెప్పానో నాకే తెలియదు. మీకూ చెప్తున్నాను. మీకు ప్రాణంతో సమానమైనది ఏదో ఒకటి ఒకే యంత్రంలో ఉంటుంది, ఇవాళే ఇంకో చోట దాచండి. తరవాత అనకండి.

భాయ్ ఇప్పుడు లేడు. ఈ మాట రాయడానికి ఇంతసేపు ఆగాను. చెయ్యి వణుకు పెరిగి పని మానేశాడు. మానేసిన కొన్నాళ్లకు పోయాడు. సార్ దుకాణం మూసేశాడు. ఇప్పుడు ఆ మెట్లెక్కితే పైన పెళ్లి బట్టల షోరూమ్ ఉంది. ఒకసారి ఏమీ కొనకపోయినా ఎక్కాను. కిటికీ ఉన్న చోట అద్దం పెట్టారు. సేల్స్ అమ్మాయి ఏం కావాలాంటీ అని అడిగితే, నిజంగా నాకేం కావాలో చెప్పలేక ఒక జాకెట్ గుడ్డ కొనుక్కుని దిగాను. రిటైరైనవాళ్లు తీరిక దొరికిందని సంబరపడతారంటారు. నాకు తీరిక వద్దు. సాంబారుతో వచ్చే లెక్చరర్ కావాలి, కుంకుమ పొట్లం కావాలి, లోపలినుంచి నవ్వే మనిషి కావాలి. వీటిలో ఏ ఒక్కటీ దాచుకోవడానికి వీలైనది కాదు.

గొంతు దొరికిన మర్నాటి సంగతి చెప్పి ముగిస్తాను. సార్ దుకాణంలో ఉన్న పాత ల్యాప్‌టాప్ ఒకటి వాళ్లకిచ్చేశాడు. మేం ఎవరి ఇళ్లకూ పోయేవాళ్లం కాదు. ఆ రోజు మాత్రం భాయ్, నేను ఆటో ఎక్కి కాజీపేట పోయాం. రైలు పట్టాలకు దగ్గరిల్లు. ఏదో ఒక బండి పోయినప్పుడల్లా మాట ఆపి, అది పోయాక మళ్లీ మొదలుపెట్టాలి. మేనల్లుడు వచ్చి బటన్లన్నీ మళ్లీ సరిచేశాడు. పెద్దాయన కుర్చీలో కూర్చుని ల్యాప్‌టాప్ ముందుకు లాక్కున్నాడు. బల్ల మీదే పెట్టుకున్నాడు, అది గమనించాను.

ఆయన మా వైపు చూశాడు, తెర వైపు చూశాడు. దేనికోసమో వెతుకుతున్నాడు. పైకీ కిందికీ పోతున్నాడు, దొరకడం లేదు.

మేనల్లుడు చిన్నగా చెప్పాడు. "థాంక్స్ అనేటిది లేదు మామా. ఇంట్ల అనే మాటలే ఎక్కించినం గదా. ఇంట్ల ఎవలంటరు గా మాట?"

ఆయన కాసేపు ఆలోచించి ఒక బటన్ నొక్కాడు.

"చాయ్ తాగి పొండ్రి!"

గది అదిరింది. యార్డు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వినిపించే గొంతంటే ఏమిటో అప్పుడు తెలిసింది. భాయ్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"తాగుతం అన్నా. తాగే పోతం," అన్నాడు, అంతే గట్టిగా.

ఆమె చాయ్ పెట్టడానికి వంటింట్లోకి పోయింది. గిన్నె చప్పుడు వినిపించింది. పెద్దాయన ఇంకో బటన్ నొక్కాడు.

"ఏమేయ్, ఏడున్నవే?"

"ఈడనే ఉన్న," అన్నది ఆమె లోపలినుంచి.

ఆయన మళ్లీ నొక్కాడు.

"ఏమేయ్, ఏడున్నవే?"

"ఈడనే ఉన్న."

మూడోసారి నొక్కినప్పుడు జవాబు రాలేదు. నేను కూర్చున్న చోటి నుంచి వంటింటి గుమ్మం కనిపిస్తుంది. ఆమె పొయ్యి ముందు నిలబడి ఉంది. చాయ్ పొంగి పొయ్యి మీద పడుతోంది, ఆమె చూడటం లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటోంది. పలికితే ఆయన పిలవడం ఆపేస్తాడు కదా.

ఆమె పలకలేదు. ఆయన మళ్లీ పిలిచాడు.